పార్కును పల్లంగానే ఉంచండి: కొత్త లేఅవుట్‌లో వాన నీటికి చోటు

విజయనగరం శివార్లలో వరి మడి లేఅవుట్‌గా మారితే ముందు పోయేది మడి గట్టు. దాని లెక్క ఎవరూ వేయరు. అరడుగు గట్టున్న ఎకరం మడి సుమారు 6 లక్షల లీటర్ల వాన నీటిని ఆపగలదు. అయిదెకరాలు చదును చేశారంటే 30 లక్షల లీటర్ల చోటు పోయినట్టే. ఇక ఆ నీళ్లు కింది వీధి ఇళ్లలోకే.

ఆ చోటులో కొంతైనా తిరిగి తేవడానికి చవకైన దారి పార్కు. ఖాళీగా వదలాల్సిన 10 శాతం స్థలం కింద లేఅవుట్ వేసినవాళ్లు తరచూ పల్లాన్నే వదులుతారు (ప్లాటుగా అమ్ముడుపోనిది అదే కదా). కాలనీవాళ్లు దాన్లో గ్రావెల్ తోలించి రోడ్డుకు సమానం చేస్తారు. ఆ పని చేయకండి. పల్లంగానే ఉంచి, వాన నీరు కొంతసేపు ఆగేలా తవ్వించండి.

పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా కార్పొరేషన్‌కు చెందుతుంది కాబట్టి సొంతంగా తవ్వకూడదు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలిసి, ఆమోదం పొందిన ప్లానునూ పాత ఎఫ్‌ఎంబి (సర్వే కొలతల పటం) నకలునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎఫ్‌ఎంబిలో గెడ్డ (వాగు) ఉన్నచోట ప్లానులో రోడ్డు కనిపిస్తే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. గెడ్డ నీటిని ఏ పార్కూ మోయలేదు.

తర్వాత మట్టాలు. తాపీమేస్త్రి వాడే నీటి గొట్టం చాలు. రోడ్డు అంచు, పార్కు నేల, బయటి కాలువ అడుగు, ఈ మూడూ కొలవండి. తవ్వబోయే అడుగు కంటే కాలువ అడుగు కిందికి ఉండాలి. లేకపోతే లోతు తగ్గించుకోవాలి. ఇది చూడకుండా తవ్వినవే దోమల గుంటలవుతాయి.

అయిదెకరాలకు అరెకరం పార్కు వస్తుంది. దాని అడుగు రోడ్డు కంటే 75 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. అంచులకు అడుగు లోతుకు మూడడుగుల వాలు ఇస్తే పిల్లలు దిగినా ఎక్కి రాగలరు, గట్టు కోసుకుపోదు. వాలు మీద గరిక వేయండి. నీళ్లు వచ్చే చోట మీటరు పొడవు, వెడల్పు, లోతుతో మట్టి ఆగే తొట్టి కట్టాలి. పోయే చోట అడుగున 150 మిల్లీమీటర్ల పైపు, దానికి జాలీ. అడుగు నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో, మీటరు వెడల్పున రాతి అలుగు (నిండాక నీరు పొర్లిపోయే చోటు). ఇలా చేస్తే సుమారు 11 లక్షల లీటర్లు ఆగుతాయి. నిండిన పార్కు ఆ పైపు గుండా 18 గంటల్లో దాదాపు ఖాళీ అవుతుంది.

భయపడి 300 పైపు వేస్తుంటారు. అప్పుడు నీరు ఆగకుండా ఒక్కసారే కాలువ మీద పడుతుంది, తవ్వకం దండగ. రోడ్డు కింది తూము దగ్గర మాత్రం తిరగబడిన పొరపాటు: 600 పైపు బదులు రెండు 300 పైపులు పెడతారు. అదే వాలులో ఒక 600 పైపు మోసే నీటికి 300 పైపులు ఆరుకు పైనే కావాలి.

పార్కు ఎందుకు, ఇంటి ఇంకుడు గుంత చాలదా అంటే, ఆ లెక్కలోనూ మోసం ఉంది. 1.5 × 1.5 × 2 మీటర్ల గుంత 4,500 లీటర్లదే, కానీ రాళ్లు నింపాక సందుల్లో పట్టేది 1,800 లీటర్లే. 100 చదరపు మీటర్ల కప్పు మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 4,000 లీటర్ల పైనే దిగుతుంది.

పైగా మన దగ్గర అసలు పరీక్ష అక్టోబరులో. 2014లో హుద్‌హుద్ 12న, 2018లో తిత్లీ 11న తీరం దాటాయి. అప్పటికి నేల తడిసి ఉంటుంది, ఇంకేది తక్కువ. అందుకే తొట్టి, జాలీ మే చివర ఒకసారి, సెప్టెంబరు చివర మరోసారి శుభ్రం చేయాలి. నీళ్లు మూడు రోజులు దాటి నిలిస్తే పైపు పూడిందని అర్థం. దోమ పిల్లలు రెక్కలు తొడగడానికి వారం, పది రోజులే చాలు.

సెప్టిక్ ట్యాంకు పొంగు గొట్టాన్ని వాన కాలువలో కలిపే ఇల్లు ఒక్కటున్నా పార్కు పాడవుతుంది. ముందు ఆ ఇంటికి సోక్‌పిట్ కట్టించండి. అడుగున తెల్లమద్ది, కానుగ, నేరేడు నాటవచ్చు. వేప నిలవ నీటికి తట్టుకోదు, దాన్ని గట్టు మీదే నాటాలి.

అలుగు పక్క రాయి మీద రోడ్డు మట్టం చెక్కించండి. మళ్లీ రోడ్డు వేసేటప్పుడు పాతది గీకకుండా పైనే పోస్తే ఆ గీత పట్టిస్తుంది. రోడ్డు నాలుగంగుళాలు లేస్తే నీళ్లు పార్కు వైపు కాక ఇళ్ల గడపల వైపు మళ్లుతాయి.