విల్లు వంకరగా వంగుతోందా? వంగని చోట చూడండి

కొత్తగా కర్ర విల్లు చేసేవాళ్ళకు చేయి ఆగదు. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడే ఆకురాయి పెట్టేస్తారు. విల్లు విషయంలో అది రివర్స్: తేడా కనిపించేది ఒక చోట, చెక్కాల్సింది ఇంకో చోట. ఒక చోట ఎక్కువ వంగుతోందంటే దాని పక్క భాగం వంగకుండా మొండికేసి కూర్చుందని అర్థం. ఈ ఒక్క ముక్క బుర్రలో ఉంటే కింద రాసిన వాటిలో సగం మీకే తట్టేస్తాయి.

ముందు మాటలు కుదుర్చుకుందాం. గురి వైపు ఉండేది వీపు, మన వైపు, అంటే నారి వైపు ఉండేది పొట్ట. పిడికి పైనా కిందా వంగే భాగాలు లింబులు. చెక్కేది ఎప్పుడూ పొట్ట వైపే, వీపు జోలికి పోకూడదు. రెండు లింబులూ సమానంగా వంగేలా కొంచెం కొంచెం చెక్కుతూ పోవడమే టిల్లరింగ్. దానికి గోడకు ఒక గట్టి కొయ్య బిగించండి, పైన పిడి కూర్చునేలా గాడి, కింద ఒక గిలక. నారికి తాడు కట్టి గిలక కింద నుంచి తిప్పి, ఆరేడు అడుగుల దూరంలో పక్కకు నిలబడి లాగాలి. తాడు మధ్యలో వేలాడే స్ప్రింగ్ త్రాసు పెడితే ఎంత బరువు లాగుతున్నారో తెలుస్తుంది. విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం, అందుకే ఆ దూరం.

చెక్క ఆరకముందే కొసలు పగులుతున్నాయి, లేదా బొంగు నుంచి పొడి రాలుతోంది

పగుళ్ళకు కారణం తొందరగా ఆరడం. కర్రలో నీరు కొసల నుంచి చాలా వేగంగా బయటికి పోతుంది, మన తిరుపతి ఏప్రిల్, మే ఎండల్లో రేకుల కింద పెడితే ఇక చెప్పక్కర్లేదు. కొట్టిన రోజే రెండు కొసలకూ మైనమో పెయింటో ఫెవికాలో దట్టంగా పూసి, నీడలో గాలి ఆడే చోట పడుకోబెట్టండి. బెరడు తీసేసి ఉంటే వీపుకు కూడా పూయాలి. పొడి రాలుతుంటే అది పుచ్చు పురుగు, బొంగులోని పిండి పదార్థం కోసం వస్తుంది. లేత బొంగులో పట్టేది ఎక్కువ, కాబట్టి మూడేళ్ళు దాటినదే అడగండి. కొట్టగానే కొన్ని వారాలు నీళ్ళలో నానబెట్టి తీసి ఆరబెట్టినా పురుగు బాధ బాగా తగ్గుతుంది.

కర్ర ఎక్కడిది అన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొత్తవాళ్ళకు బొంగే మేలు, వెడల్పాటి చుట్టు, మందమైన గోడ ఉన్నది బొంగుల అంగడిలో ఏరుకోండి. అడవిలోంచి మాత్రం వద్దు. శేషాచలం కొండల్లో నేషనల్ పార్కు ఉంది, 2010 నుంచి అది బయోస్ఫియర్ రిజర్వు కూడా. అడవి బయట పెంచిన వెదురును 2017 చట్ట సవరణతో చెట్టు లెక్కలోంచి తీసేశారు, కాబట్టి రైతు పొలం గట్టున పెరిగిన బొంగు కొనుక్కోవడానికి టెన్షన్ అక్కర్లేదు. ఇక ఎర్రచందనంతో చేస్తే ఎలా ఉంటుంది అని సరదాకి కూడా అడగకండి, మన ఊళ్ళో ఆ ప్రశ్నకు జవాబు పోలీసులు చెప్తారు.

ఒక లింబ్ బాగా వంగుతోంది, రెండోది వంగనంటోంది

చెక్కే ముందు విల్లును తిరగేసి పెట్టండి, ఎడమ కొస కుడికి వచ్చేలా. ఇప్పుడు మొండితనం కూడా వైపు మారిందా? మారితే నిజంగానే ఆ లింబ్ మందంగా ఉంది. మారకుండా అదే వైపు ఉండిపోతే తప్పు విల్లుది కాదు, పిడి ఆనిన గాడి ఒక పక్కకు ఉంది, లేదా తాడు మధ్యలోంచి లాగడం లేదు. ఈ ఒక్క పరీక్ష చేయక మంచి లింబును పాడుచేసుకున్న వాళ్ళు ఎందరో.

నిజంగా మందం తేడానే అయితే మొండి లింబ్ మొత్తం పొడవునా, పిడి దగ్గర నుంచి కొస దాకా, ఒకే ఒత్తిడితో గీకండి. గుర్తు పెట్టుకోండి, మందం పదో వంతు తగ్గిస్తే గట్టిదనం నాలుగో వంతుకు పైగా పోతుంది. వెడల్పు పదో వంతు తగ్గిస్తే పోయేది మాత్రం పదో వంతే. అందుకే చివర్లో ఆకురాయి పక్కన పెట్టి గాజు పెంకుతో గీకడం, అది పొట్టు పొట్టుగా తీస్తుంది, చేయి జారినా నష్టం తక్కువ. పూర్తయ్యాక పై లింబ్ కింది లింబ్ కంటే ఒక పిసరు, నాలుగైదు మిల్లీమీటర్లు, ఎక్కువ వంగినా మంచిదే. మన చెయ్యి బాణం కింద ఉంటుంది కాబట్టి కింది లింబ్ మీద భారం కాస్త ఎక్కువ పడుతుంది.

ఒకే చోట మోచేయిలా మడత పడుతోంది

దీన్ని హింజ్ అంటారు, విల్లు ప్రాణం తీసేది ఇదే. ఆ చోట చెక్క పలచబడింది, లేదా దాని రెండు పక్కలా మందంగా ఉండిపోయింది. వెంటనే లాగడం ఆపేయండి. ఇంకో రెండు సార్లు లాగి చూద్దాం అనుకుంటే అక్కడ పీచు నలిగిపోతుంది, నలిగిన చెక్క మళ్ళీ కోలుకోదు.

పెన్సిలుతో ఆ చోట చుట్టూ గీత గీసి ఆ గీత లోపల ఆకురాయి తగలకూడదని ఒట్టు పెట్టుకోండి. దానికి రెండు వైపులా ఉన్న భాగాలను చెక్కండి, అవి దాని స్థాయికి దిగి వచ్చేదాకా. తర్వాత రెండో లింబును కూడా ఈ కొత్త లింబుకు సమానం చేయాలి. అవును, విల్లు బరువు, అంటే దాన్ని పూర్తిగా లాగడానికి పట్టే బలం, తగ్గుతుంది, 40 పౌండ్లు అనుకున్నది 30కి, అంటే సుమారు 13న్నర కిలోలకు దిగొచ్చు. విరిగిన 40 కంటే బతికున్న 30 నయం.

కంటికి ఆనని హింజులు పట్టడానికి ఒక చిన్న పనిముట్టు చేసుకోండి. అయిదారు అంగుళాల తిన్నటి చెక్క ముక్క, మధ్యలో ఒక రంధ్రం, అందులో బిగుతుగా దిగే పెన్సిల్. విల్లును కొద్దిగా లాగి తాడు కట్టేసి, ఆ ముక్కను పొట్ట మీద పెట్టండి. పొట్ట లోపలికి గుంటలా వంగి ఉంటుంది కాబట్టి ముక్క రెండు కొసలే ఆనుతాయి, మధ్యలో సందు ఉంటుంది. బాగా వంగిన చోట పెన్సిల్ మొన తగలీ తగలకుండా ఉండేంత కిందికి నొక్కి, అక్కడి నుంచి లింబ్ పొడవునా మెల్లగా జరపండి. సందు తగ్గిన చోటల్లా, అంటే వంగని చోటల్లా, పెన్సిల్ గీత పడుతుంది. గీత పడ్డ చోటే చెక్కాలి, గీత లేని చోట చెయ్యి పెట్టకూడదు. పిడి, దాని పక్కన సన్నబడే భాగం మాత్రం వదిలేయండి, అక్కడ గట్టిగా ఉండాల్సిందే. బొంగులో అయితే గీతలు ఎక్కువగా కణుపుల దగ్గర పడతాయి. కణుపు లోపలి అడ్డపొర పూర్తిగా తీసేయండి కానీ కణుపును మిగతా చోట్ల కంటే పలచగా చేయకండి, అక్కడ పీచు తిన్నగా పోదు.

పనిముట్టు చేసుకునే ఓపిక లేకపోతే ఫోన్ ఉంది కదా. లాగి ఉన్నప్పుడు ఎదురుగా నిలబడి ఎవరినైనా ఫొటో తీయమనండి, దాన్నే అద్దంలోలా తిప్పి పక్కన పెట్టి చూడండి, తేడా దానంతట అదే కనబడుతుంది.

ఎంత గీకినా మార్పు లేదు, ఉన్నట్టుండి మెత్తబడిపోయింది

గీకడానికీ గీకడానికీ మధ్య విల్లును ఆడించలేదు, అంతే. తీసిన చెక్క ప్రభావం వెంటనే కనబడదు. ప్రతిసారీ గీకిన తర్వాత ఇరవై ముప్పై సార్లు సగం దాకా లాగి వదలండి (మెల్లగా, తాడు చేతిలోనే ఉంచి), అప్పుడే కొత్త వంపు బయటపడుతుంది. ఇంకో నియమం: మీకు కావలసింది 35 పౌండ్లు అయితే, ఏ దశలోనూ త్రాసు 35 దాటకూడదు. రెండు అంగుళాలు లాగినా సరే, అక్కడికే 35 వచ్చేస్తే ఆపి చెక్కాలి.

నారి తీసేసినా విల్లు వంగే ఉంటోంది

ఒక అంగుళం, ఒకటిన్నర దాకా వంపు మిగలడం మామూలే, కంగారు పడకండి. రెండు దాటితే మాత్రం పొట్ట వైపు పీచు నలుగుతోందని అర్థం. దీనికి ఒకటి కాదు, మూడు కారణాలు.

మొదటిది తడి. చెక్కలో తేమ ఎనిమిది నుంచి పది శాతం మధ్య ఉంటే మంచిది, కొలిచే మీటర్ అక్కర్లేదు. వంటింటి త్రాసులో రెండు మూడు రోజులకు ఒకసారి తూచి రాసుకోండి, బరువు తగ్గడం ఆగిపోతే ఆరినట్టు. మన దగ్గర అక్టోబరు, నవంబరుల్లో ముసురు పట్టినప్పుడు, ఆరిపోయిన కర్ర కూడా మళ్ళీ గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది. ఆ రోజుల్లో టిల్లరింగ్ వాయిదా వేయడమే మంచిది. ఆగలేకపోతే పొడవాటి అట్టపెట్టెలో పాతకాలం 60 వాట్ల బల్బు ఒకటి వెలిగించి, కర్రకూ అట్టకూ తగలకుండా, మీరు దగ్గరుండి ఆరబెట్టండి. మే నెలలో దీనికి సరిగ్గా ఉల్టా: మిద్దె మీది రేకుల గదిలో పెట్టిన విల్లు మరీ ఎండిపోయి, వంపు మిగలదు గానీ ఫట్‌మని విరుగుతుంది. అప్పుడు ఇంట్లో చల్లటి గదిలోకి మార్చి కొన్ని రోజులు వదిలేయాలి.

రెండోది పొట్టి విల్లు. 28 అంగుళాలు లాగాలంటే విల్లు 66 అంగుళాలు ఉండాలి, మొదటి విల్లయితే 70 పెట్టుకున్నా తప్పులేదు. చిత్తూరు వైపు భారతం తిరునాళ్ళలో అర్జునుడి వేషం భుజాన ఉండే విల్లు చూడముచ్చటగా ఉంటుంది, నిజమే, కానీ వేషానికి చేసిన విల్లు వంగక్కర్లేదు. దాన్ని చూసి కొలతలు తీసుకుంటే ఇంతే.

మూడోది అలవాటు. ఫొటో కోసం పూర్తిగా లాగి పది సెకన్లు పట్టుకుని నిలబడటం, నారి తీయకుండా రాత్రంతా గోడకు ఆనించి వదిలేయడం.

మిగిలిన వంపును కొంత వెనక్కు తేవచ్చు. విల్లును వీపు వైపుకు కొద్దిగా వంచి పలకకు బిగించి, పొట్టను బొగ్గుల కుంపటి మీద ఎత్తున పట్టి తేనె రంగు వచ్చేదాకా నిదానంగా కాచండి. పూర్తిగా చల్లారాకే విప్పాలి, విప్పాక ఒక వారం ముట్టుకోకూడదు, వేడికి పోయిన తేమ మళ్ళీ చేరాలి.

పొట్ట మీద సన్నటి అడ్డగీతలు

గోటితో తడిమితే తగులుతాయి. నలిగిన పీచు మడతలు అవి, జిగురు పోసినా పోవు. అవి ఉన్న చోట భారం ఎక్కువైంది కాబట్టి మిగతా లింబ్ అంతా చెక్కి ఆ భారం పంచాలి. గీతలు పెరగకపోతే తక్కువ బరువుతో వాడుకోవచ్చు, పెరుగుతుంటే పక్కన పెట్టేయండి.

వీపు మీద పేడు లేస్తోంది

వీపు పీచు తెగింది. చాలాసార్లు కారణం వడ్రంగి అంగట్లోనే మొదలవుతుంది. మీరు విల్లు ఇచ్చి నిలబడతారు, ఆచారి మంచి మనసుతో "ఇంత గరుకుగా ఉందేంది సామీ, నున్నగా చేసిస్తా" అని చిత్రిక పట్టేస్తాడు. బొంగులో బలమైన పీచంతా పై తోలు కిందే ఒత్తుగా ఉంటుంది, అది పోతే ఇంకేముంది. మామూలు కర్రలో అయితే వీపు పొడవునా ఒకే వార్షిక వలయం ఉండాలి, వలయాలు తెగితే అక్కడే పేడు లేస్తుంది. కణుపు మీద మొన మాత్రం మెత్తగా అరగదీయండి, అంతకు మించి వద్దు.

లేచింది చిన్నదైతే, పలచటి సూపర్ గ్లూ లోపలికి దిగేలా పోసి, ఆరాక గట్టి దారం పక్కపక్కనే చుట్టి దాని మీద కూడా జిగురు పూయండి. అనుమానంగా ఉన్న వీపుకు మొదటే పట్టుగుడ్డ జిగురుతో అతికించడం ఇంకా మంచిది, ఇంట్లో అమ్మ పాత పట్టుచీర ఉంటే అడిగి తీసుకోండి, అడగకుండా మాత్రం కాదు. పేడు వెడల్పులో మూడో వంతు దాటితే ఆ విల్లు అయిపోయినట్టే.

నారి పిడి మధ్యలోంచి పోవడం లేదు

ముందు వింటికొప్పుల గాళ్ళు, అంటే కొసల్లో నారి కూర్చునే గాళ్ళు, రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. అవి సరిగానే ఉంటే లింబ్ మెలి తిరిగి ఉంది. చెక్కి సరిచేయడం కంటే కాచి సరిచేయడం సులువు: మెలి ఉన్న చోట కొద్దిగా నూనె రాసి, చేయి పెట్టలేనంత వేడెక్కేదాకా కాచి, కావలసిన దానికంటే ఒక పిసరు ఎక్కువ తిప్పి బిగించి, తెల్లారేదాకా వదిలేయండి.

బాణం వదలగానే చెయ్యి జుమ్మంటోంది

కొసలు బరువుగా ఉన్నాయి. చివరి ఆరు అంగుళాలు పక్కల నుంచి సన్నం చేయండి, వేలి మందానికి వచ్చినా పర్వాలేదు, అక్కడ వంగే పని తక్కువ. అయినా తగ్గకపోతే లింబులు సమంగా లేవు, మళ్ళీ గోడ దగ్గరికి పోవాల్సిందే. ఇంకోటి, బాణం పెట్టకుండా నారి లాగి వదిలే అలవాటు ఎవరికీ వద్దు, పిల్లల చేతికిస్తే ముందు చేసేది అదే. బాణం తీసుకెళ్ళాల్సిన శక్తి అంతా విల్లులోనే పేలుతుంది.

అంతా బాగుంది, కానీ మరీ మెత్తగా అయిపోయింది

రెండు కొసల నుంచీ ఒక్కో అంగుళం కోసి కొత్త గాళ్ళు పెట్టండి, కొన్ని పౌండ్లు పెరుగుతాయి. కోశాక టిల్లరింగ్ మళ్ళీ చూడాలి, పొడవు తగ్గిన మేరకు లాగే దూరం కూడా తగ్గించుకోవాలి. పొట్టకు చెక్క అతికించి పెంచుదాం అనే ఆలోచన మొదటి విల్లుకు వద్దు. 20, 25 పౌండ్ల విల్లు బడిపిల్లలకు గురి నేర్పడానికి బాగా పనికొస్తుంది, వాళ్ళకే ఇచ్చేయండి. గురి అంటే గడ్డిమోపు మీద, వెనక మట్టి గట్టు ఉన్న చోట. కుందేళ్ళ మీద, పిట్టల మీద అయితే 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

నారి ఊరికే తెగుతోంది

గాడి అంచులు పదునుగా ఉన్నాయి, గరుకు కాగితంతో గుండ్రం చేయండి. నైలాన్ తాడు అయితే తెగకపోయినా సాగుతుంది, పొద్దున కట్టిన ఎత్తు మధ్యాహ్నానికి ఉండదు. పాలియెస్టర్ దారం పోగులు కలిపి మైనం పట్టించి పేనుకోండి. నారి ఎక్కించాక పిడికీ నారికీ మధ్య, పిడికిలి పట్టి బొటనవేలు నిలబెట్టినంత సందు ఉండాలి. తక్కువైతే నారి మణికట్టుకు కొడుతుంది, అప్పుడు నారిని రెండు మెలికలు తిప్పి పొట్టి చేస్తే సరిపోతుంది.