పాత అద్దాల బీరువాకు పాలిష్ వేయించే ముందు

నెల్లూరు, కావలి, ఒంగోలు పాత ఇళ్లలో విక్టోరియా కాలం చివరినాటి అద్దాల బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, చలువరాతి వాష్‌స్టాండ్ కనబడితే, మేస్త్రీని పిలవకముందే సొరుగులన్నీ బయటికి లాగండి.

చేసినవాళ్ల పేరు కోసం సొరుగు ముందుచెక్క పై అంచు మీద టార్చి వెలుతురు పక్కనుంచి పడనివ్వండి. ఇంగ్లండులోని లాంకస్టర్‌లో ఫర్నిచర్ చేసిన గిల్లో కంపెనీ వాళ్లు అక్కడే పేరు గుద్దేవారు. లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో 1841లో మొదలైన మేపుల్, అదే వీధిలోని షూల్‌బ్రెడ్ అనే పెద్ద కొట్ల పేర్లు ముద్రగానో బిళ్లగానో ఉండొచ్చు. అలాంటి పేరు చేసినవాళ్లది కాక, అమ్మిన కొట్టుది మాత్రమే కావచ్చు. తూర్పు లండన్ చిన్న కార్ఖానాల సరుకు పెద్ద కొట్లలో అమ్ముడుపోయేది. తాళం మీది పేరు తాళం చేసినవాళ్లది, బీరువాది కాదు. ప్లస్ గాడి స్క్రూ ఉంటే అది 1930ల తర్వాత ఎవరో బిగించిందే. సొరుగు అడుగు టేకైతే మన దగ్గరే చేసింది కావచ్చు; ఇంగ్లండు సరుకుకు లోపల ఎక్కువగా పైన్ చెక్కే.

ఆ పైన్ మీద అతికించిన వాల్‌నట్ లేదా మహాగని పొర చాలాసార్లు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. సాండింగ్ మిషన్ పెడితే ఒక్క పూటలో పోతుంది, తిరిగి రాదు. మేస్త్రీకి మొదట చెప్పాల్సిన మాట ఇదే.

గోటితో తడుతూ వెళ్లండి. డొల్లగా మోగిన చోట పొర లేచిందని అర్థం. అప్పటి జిగురు తోలు, ఎముకలు ఉడికించి తీసింది. సముద్రపు తేమకు మెత్తబడుతుంది, రోహిణి కార్తె ఎండకు పెళుసెక్కుతుంది. ముందు తడిగుడ్డ పరిచి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె కొన్ని సెకన్లు ఆనించి, చదును చెక్కతో నొక్కి ఉంచండి. చాలాసార్లు పాత జిగురే పట్టుకుంటుంది. పట్టకపోతే అదే రకం జిగురు పలుకులు ఒక వంతు, చల్లని నీళ్లు రెండు వంతులు కలిపి రాత్రంతా నాననిచ్చి, వేడినీళ్ల గిన్నెలో ఉంచి 60 డిగ్రీల దాకా కాచండి. మరిగితే పట్టు పోతుంది. చెక్క రేఖ వెంటే బ్లేడుతో సన్నగా కోసి, సిరంజితో ఎక్కించి, మైనపు కాగితం వేసి క్లాంపుతో 24 గంటలు బిగించండి.

లక్క పాలిష్‌కు 100 గ్రాముల లక్క, అర లీటరు స్పిరిట్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. స్పిరిట్ ఆరుతూ చెక్కను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ పట్టి పాలిష్ తెల్లబారుతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి.

ఇత్తడి పిడుల్ని చింతపండుతో తోమాలంటే ఊడదీసి తోమండి. ఆ పులుపు చలువరాతి మీద పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.