తెలుగు అక్షరాలు పోకుండా ఫైలు పేర్లను షెల్ స్క్రిప్టుతో సరిచేయడం ఎలా?

కర్నూలులోని ఒక ఫోటో స్టూడియో ఫోల్డరులో "కొండారెడ్డి బురుజు (2) ఫైనల్", "-పెళ్ళి ఆల్బమ్" వంటి పేర్లున్నాయనుకుందాం. లినక్సుకు వీటితో పేచీ లేదు. ముందుకు వాలిన గీత, శూన్య బైటు తప్ప ఏ గుర్తునైనా అది అనుమతిస్తుంది. అయితే కోట్ గుర్తులు లేని పేరును షెల్ (మనం రాసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాము) ఖాళీ వచ్చిన చోటల్లా ముక్కలు చేస్తుంది. హైఫనుతో మొదలైన పేరును కమాండు ఆప్షనుగా భావిస్తుంది.

మొదట ఫోల్డరుకు నకలు తీసి, ఆ నకలు మీదే పని మొదలుపెట్టాలి. బ్యాష్ (లినక్సులో విరివిగా వాడే షెల్) స్క్రిప్టులో ఒక్కో ఫైలు మీద అదే పనిని వరుసగా చేసే ఒక ఫర్ లూప్ రాసి, ఫైళ్లను ఉత్త నక్షత్రం గుర్తుతో కాక, దాని ముందు చుక్క, వాలుగీత చేర్చి పిలిస్తే హైఫను బెడద తీరుతుంది. ఫైలు పేరును పట్టుకునే వేరియబుల్‌ను ప్రతిచోటా జంట కోట్ గుర్తుల మధ్యే ఉంచాలి. ఆ తరువాత బ్యాష్‌లోనే ఉన్న ఒక గుర్తు బదులు మరొకటి పెట్టే సౌకర్యంతో ఖాళీల స్థానంలో అండర్‌స్కోరు పెట్టి, బ్రాకెట్లను తొలగించాలి.

ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క తప్ప అన్నీ తుడిచేసే చిట్కాలు విరివిగా దొరుకుతాయి కానీ, అవి మనకు పనికిరావు. "గండికోట", "బెలుం గుహలు" అనే రెండు ఫోటోల పేర్లలో తెలుగంతా చెరిగిపోయి, చుక్క, జేపీజీ మాత్రమే మిగులుతాయి. రెండో ఫోటో మొదటిదాన్ని చెరిపేసి దాని స్థానంలో కూర్చుంటుంది, అదీ చుక్కతో మొదలైన పేరు కనుక కంటికి కనబడకుండా. లినక్సులో ఉండే, గ్నూ ప్రాజెక్టు వారి టీఆర్ (గుర్తులను మార్చే) కమాండు బైట్ల లెక్కన పనిచేస్తుంది, అక్షరాలను బైట్లుగా భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి, దానితో తెలుగు పేర్లను మార్చబోతే అక్షరాలు విరిగిపోవచ్చు.

కంటికి కనబడని మరో చిక్కు, పొల్లు తరువాత వచ్చే సున్నా వెడల్పు గుర్తు. "కర్నూల్" చివర అది ఉన్నా లేకపోయినా చూపుకు తేడా తెలియదు, కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. పేరు చివర, అండర్‌స్కోరు ముందు, చుక్క ముందు ఉన్నప్పుడు దాన్ని తీసేయవచ్చు. పదం మధ్యలో తీస్తే పొల్లు పక్క హల్లుతో కలిసి ఒత్తుగా మారుతుంది కనుక అక్కడ ముట్టుకోకపోవడమే మేలు.

కొత్త పేరుతో ఇప్పటికే ఫైలు ఉందేమో పరీక్షించి, ఉంటే చివర అంకె చేర్చాలి. పేరు మార్చే ఎంవీ కమాండుకు ముందు ఎకో పెట్టి, జరగబోయే మార్పులను తెరపై చదివి చూడాలి. సరిగా ఉన్నాయనిపించాకే ఎకో తీసి, ఎన్ ఆప్షనుతో నడపాలి. అప్పుడు ఎంవీ పాత ఫైలు మీద కొత్తదాన్ని రాయదు.

లోపలి ఫోల్డర్లకు, ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండును డెప్త్ ఆప్షనుతో వాడాలి. అది లోపలివాటిని ముందు, పై ఫోల్డరును తరువాత తీసుకుంటుంది. పై ఫోల్డరు పేరు ముందే మారితే లోపలి ఫైళ్ల దారి తప్పుతుంది.