పెద్ద రెస్టారెంటుకు ఇంటి డబ్బా పట్టుకెళ్లేటప్పుడు

మా చిన్నాడికి ఆరో ఏట సీలియాక్ జబ్బని తేలింది. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ ఏవీ పడవు. వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీను వాడి చిన్నపేగును దెబ్బతీస్తుంది. మందంటూ లేదు, జన్మంతా మానెయ్యడమే. మేం ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఒంగోలు నుంచి వచ్చిన చుట్టాలు చాలామంది ఇక్కడే ఉన్నారు కాబట్టి ఎవరి పుట్టినరోజనో, పెళ్లిరోజనో ఇందిరానగర్‌కో లావెల్ రోడ్డుకో భోజనానికి వెళ్తూనే ఉంటాం. వాణ్ని ఇంట్లో వదిలి వెళ్లడం నా వల్ల కాదు. అందుకే వాడి జొన్నరొట్టె నా సంచిలో వస్తుంది.

ముందు ఫోన్ చెయ్యండి. యాప్‌లో టేబుల్ బుక్ చేసి కింద ఒక ముక్క రాస్తే సరిపోదు. మధ్యాహ్నం మూడున్నర, ఐదు మధ్య చేస్తే మేనేజరు తీరిగ్గా మాట్లాడతారు. నేను ఇలా అడుగుతాను: "మేం ఎనిమిది మందిమండీ. ఏడుగురం మీ దగ్గరే తింటాం. మా బాబుకి గోధుమ పడదు, డాక్టరు వద్దన్నారు. వాడొక్కడికి ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవచ్చా?" ఏడుగురు తింటారని ముందే చెప్పడం ముఖ్యం. సరేనంటే వాళ్ల పేరు రాసుకోండి, వాట్సాప్‌లో ఒక మాట పెట్టమనండి. ఆ రాత్రి గుమ్మం దగ్గర నిలబడేది వేరే మనిషి.

వద్దంటే వాదించకండి, ఇంకోచోటు చూసుకోండి. బయటి తిండి తిని ఎవరికైనా తేడా చేస్తే మాట పడేది వాళ్ల వంటిల్లు. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు వాళ్ల పేరు మీద ఉంటుంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా బయటి తిండి వద్దనే హక్కు సినిమా హాళ్లకు ఉందనే చెప్పింది. మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చుకునే తిండిని ఆపకూడదని కూడా అంది. అది హాళ్ల గురించిన తీర్పే అయినా, అడిగే పద్ధతి నేను దాన్నుంచే తీసుకున్నా: అవసరం ఎవరికో వాళ్లకే, ఎంత కావాలో అంతే.

వేడి చెయ్యడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. రెండేళ్ల కిందట ఒకచోట రొట్టె చల్లారిందని వేడి చేసివ్వమన్నాను. పాపం ప్రేమగా పెనం మీద వేసి, నెయ్యి రాసి తెచ్చారు. అదే పెనం మీద అంతకుముందు పరాఠాలు కాల్చారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి రెండింటికి వాడు కడుపు పట్టుకుని ముడుచుకుపోయాడు. తెల్లారేదాకా వీపు నిమురుతూ కూర్చున్నాను. ముందే చెప్పాల్సింది నేను. అప్పట్నుంచి గాజు డబ్బాలో పెట్టి, "మూత పూర్తిగా తియ్యకుండా, కాస్త వదులు చేసి మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషం, పెనం వద్దు" అని నోటితో చెప్పి, చీటీ కూడా అంటిస్తున్నాను. స్టీలు డబ్బా మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. కూరైతే వెడల్పు మూతి ఫ్లాస్కులో సలసలకాగే నీళ్లు పోసి, పది నిమిషాలాగి పారబోసి, పొగలుకక్కే కూర నింపండి. వైట్‌ఫీల్డ్ నుంచి సెంట్రల్ బెంగళూరుకు గంటన్నర పట్టినా వేడి తగ్గదు. గోరువెచ్చటి కూర పెట్టుకుని ట్రాఫిక్‌లో కూర్చోవద్దు, పాడవుతుంది.

"పప్పన్నం పెడతాం మేడం, అందులో గోధుమ ఉండదు" అని వెయిటర్లు మనసారా అంటారు. విసుక్కోకండి. మార్కెట్లో దొరికే చాలా ఇంగువ పొడుల్లో గోధుమపిండో మైదానో కలుస్తుందని, సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుందని చెప్పండి. కన్నడంలో గోధుమను గోధి అంటారు, ఆ ఒక్క మాట నాకు చాలాచోట్ల పనికొచ్చింది.

టేబుల్ దగ్గర అందరి ప్లేట్లూ వచ్చాకే డబ్బా తీస్తాను. వాళ్లనే ఖాళీ ప్లేటు అడిగి అందులో వడ్డిస్తాను, డబ్బా వెంటనే సంచిలోకి వెళ్లిపోతుంది. చెంచా మాత్రం మాదే. వాడి కోసం కూడా ఒక నిమ్మకాయ సోడా ఆర్డర్ చేస్తాను. ప్లేటుకు డబ్బులు తీసుకుంటే ఇచ్చేస్తాను, వడ్డించిన అబ్బాయికి టిప్పు మామూలు కంటే కొంచెం ఎక్కువే పెడతాను.

మా పెద్దమ్మ ఓసారి సంచిలోంచి ఆవకాయ సీసా తీసింది. "పెద్దమ్మా, అది ఇంటికెళ్లాక తిందువుగానీ" అని చేయి పట్టుకున్నాను. ఆమె నొచ్చుకుంది. కానీ వాడొక్కడికే అని అడిగి పర్మిషన్ తీసుకుని, రుచి కోసం ఇంకో సీసా తెరిస్తే నా మాటకు విలువేముంటుంది? పైగా ఆవాలు పడనివాళ్లు పక్క టేబుల్లో ఉండొచ్చు.

కేకు సంగతి వేరే అడగాలి. కోసి వడ్డించినందుకు కొన్నిచోట్ల విడిగా డబ్బులుంటాయి. శాకాహార రెస్టారెంటయితే గుడ్డు లేని కేకే తీసుకెళ్లాలి. మావాడి కేకు బియ్యప్పిండితో ఇంట్లోనే చేస్తాను, కత్తి కూడా ఇంటి నుంచే, గుడ్డలో చుట్టి.