లూపర్, లైవ్ డ్రమ్మర్ కలిసి నడవాలంటే: నా అనుభవం

లూపర్ అంటే వాయించిన ముక్కని రికార్డ్ చేసి, దాన్నే లూప్‌గా పదే పదే వినిపించే పెడల్. దానితో డ్రమ్మర్ కలిసి వాయిస్తే మొదటి నాలుగు బార్లు (ఒక్కో బార్ అంటే నాలుగు బీట్లు) బాగానే ఉండేవి. తర్వాత లూప్ ఒకవైపు, కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) ఇంకోవైపు. లూప్ 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) ఉండి, డ్రమ్మర్ 121కి జరిగితే చాలు, 16 బీట్లకే దాదాపు 66 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. చెవికి బాగా తెలుస్తుంది.

ట్యాప్ టెంపో (బీట్‌కి తగ్గట్టు తట్టి వేగం సెట్ చేయడం), స్టేజ్ మానిటర్ సౌండ్ పెంచడం, కిక్ మైక్‌తో ట్రిగ్గర్ చేయడం: ఏదీ నిలబడలేదు.

పనిచేసింది ఇదీ. డ్రమ్మర్ దగ్గరున్న డ్రమ్ మాడ్యూల్‌ని (ఎలక్ట్రానిక్ డ్రమ్ సౌండ్ల పెట్టె) మాస్టర్ చేశాం, అంటే టెంపో దానిదే. దాని మిడి (సంగీత పరికరాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే పద్ధతి) అవుట్ నుంచి లూపర్ మిడి ఇన్‌కి కేబుల్. లూపర్‌లో క్లాక్ సోర్స్ ఎక్స్‌టర్నల్ (టెంపో బయటి నుంచి తీసుకోవడానికి), క్వాంటైజ్ 'మెజర్' (రికార్డింగ్ బార్ హద్దుకి సర్దుకోవడానికి). మాడ్యూల్ క్లిక్ (టెంపో చెప్పే టిక్ టిక్ శబ్దం) డ్రమ్మర్ ఇయర్‌ఫోన్లలోకి మాత్రమే. దాంతోపాటు లూప్ కూడా కాస్త తక్కువగా వినిపించాలి, లేకపోతే ఫీల్ పోతుందని గోల చేస్తారు (నిజమే కూడా). ముందు మాడ్యూల్ స్టార్ట్, రెండు బార్ల కౌంట్, ఆ తర్వాతే రికార్డ్. పెడల్‌ని ఒకటో బీట్‌కి కొంచెం ముందే తొక్కాలి. బార్ మొదట్లో రికార్డింగ్ దానంతటదే మొదలవుతుంది. ఆపేటప్పుడూ అంతే.

మిడి ఇన్ లేని లూపర్‌కి ఇది కుదరదు. క్లిక్ అంటే చిరాకుపడే డ్రమ్మర్‌తోనూ కష్టమే. పాట మధ్యలో టెంపో మార్చితే కొన్ని లూపర్లు ఆడియోని సాగదీస్తాయి, కొన్ని అసలు పట్టించుకోవు. మేం వాయించేవన్నీ ఒకే టెంపో పాటలు.