ఏ పాలైనా సరే, గడ్డ పెరుగు కావాలంటే

చిక్కటి గేదె పాలు దొరికే ఇంట్లో పెరుగు గురించి ఎవరూ ఆలోచించరు. రాత్రి చెంచాడు తోడు వేసి మూత పెడితే తెల్లారేసరికి చాకుతో కోయొచ్చు అన్నట్టు ఉంటుంది. ప్యాకెట్ పాలకు మారాకే గొడవంతా. నీళ్లు నీళ్లుగా వస్తే అందరం తోడును తిడతాం గానీ, నా అనుభవంలో తప్పు ఎక్కువగా కాచడంలోనే ఉంటుంది.

పాలు పొంగగానే స్టవ్ ఆపేయకండి. మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ ఇంకో పది నిమిషాలు మరగనివ్వండి. మామూలుగా పెరుగు మీద తేరే నీళ్లలోకి పోయే ప్రోటీన్లు ఈ వేడికి మారిపోయి, పాలలోని ముఖ్యమైన ప్రోటీన్ కేసీన్‌ను అంటుకుంటాయి. దాంతో పెరుగు గట్టిగా తోడుకుంటుంది, నీరు తక్కువ వదులుతుంది.

తర్వాత గోరువెచ్చగా, అంటే 40 నుంచి 45 డిగ్రీలకు చల్లారనివ్వాలి. థర్మామీటర్ లేకపోతే శుభ్రంగా కడుక్కున్న వేలు ముంచి చూడండి. చురుక్కుమనకుండా పది లెక్కపెట్టగలిగితే చాలు. మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

అర లీటరుకు ఒక చెంచా తోడు, చలికాలమైతే రెండు. ఎక్కువ వేస్తే త్వరగా పులుస్తుంది. బాగా కలిపి మూతపెట్టి, ఇక గిన్నె కదపకండి. ఎండాకాలం నాలుగైదు గంటలు, చలికాలం ఎనిమిది పది గంటలు పడుతుంది. అమెరికాలో మనవాళ్లు ఒవెన్ లోపలి లైటు మాత్రం వేసి అందులో పెడుతుంటారు. తోడుకోగానే ఫ్రిజ్‌లోకి మార్చండి.

ఇక పాల సంగతి. ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. మీగడ, కమ్మదనం వెన్న వల్లే గానీ గడ్డకట్టేది ప్రోటీన్. అందుకే టోన్డ్ పాలకు అర లీటరుకు రెండు చెంచాల పాలపొడి కలిపి కాస్తే తేడా మీకే తెలుస్తుంది. ఆవు పాల పెరుగు కాస్త మెత్తగా ఉంటుంది. మేక పాలది ఇంకా పలచన, ఎంత కాచినా అంతే. దాన్ని మజ్జిగ చేసుకోవడం మేలు.

సోయా పాలు తోడుకుంటాయి. అర చెంచా పంచదార కలిపితే ఇంకా మంచిది. కొబ్బరి, బాదం పాలు మాత్రం పులుస్తాయే తప్ప గడ్డకట్టవు. కాచేటప్పుడే కాస్త కార్న్‌ఫ్లోర్ కలపాల్సిందే.

తోడు లేకపోతే? దీపాలు పెట్టాక పక్కింటివాళ్లు ఇవ్వరాయె. గోరువెచ్చని పాలలో నాలుగైదు మిరపకాయలు తొడిమలతో సహా వేసి రాత్రంతా ఉంచడం పాత పద్ధతి. మొదటిసారి పలచగా, ఒక రకం వాసనతో వస్తుంది. అది తినడానికి పనికిరాదు, మర్నాటి పాలకు తోడుగా వాడండి.