ఇంట్లో ఆడియో – 6వ పాఠం: సాకెట్ మారిస్తే పాట మారుతుందా?

పోయిన పాఠంలో ఎర్త్ లూప్ (పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కి కలవడం) వల్ల స్పీకర్లో వచ్చే ‘హమ్’ అనే గుయ్‌మనే మోతని పట్టుకున్నాం. సెట్‌లోని పరికరాలన్నీ ఒకే బోర్డుకి మార్చి, కేబుళ్లు ఒక్కొక్కటే తీసి చూడమన్నాను. ఆ పని చేయనివాళ్లు వెనక్కి వెళ్లి అది ముగించి రండి. హమ్ ఉన్న సెట్ మీద ఈ పాఠం పనికిరాదు.

ఈసారి గోడ సాకెట్. బంగారు పూత, రోడియం అనే ఖరీదైన లోహపు పూత, పైన ‘ఆడియో గ్రేడ్’ అని పేరు. అది బిగిస్తే బాస్ బిగుస్తుందని, గొంతు స్పష్టంగా విడిగా వినిపిస్తుందని చెప్పేవాళ్లు చాలామంది. నా మాట ముందే చెప్పేస్తాను. వదులైపోయిన పాత సాకెట్ మారిస్తే తేడా ఉండొచ్చు. బాగున్నదాన్ని పీకి ఖరీదైనది పెడితే చెవికి తెలిసే తేడా వస్తుందంటే నేను నమ్మను. అయితే నా నమ్మకంతో మీకేం పని? మీ ఇంట్లో మీరే ఎలా తేల్చుకోవాలో చూద్దాం.

సాకెట్ లోపల లోహపు రేకులు పిన్నుని రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. ఏళ్ల తరబడి ప్లగ్ పెట్టీ తీసీ ఆ రేకుల్లో బిగువు పోతుంది. అప్పుడు పిన్ను ఏదో ఒక మూల మాత్రమే తగులుతుంది. తగిలిన చోట వేడి పుడుతుంది, వేడికి లోహం నల్లబడుతుంది, నల్లబడేకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. నా గదిలో సరిగ్గా ఇదే జరిగింది. కుర్చీ జరిపినప్పుడల్లా స్పీకర్లో చిటపట. కెపాసిటర్ (లోపల కరెంటుని నిలవ ఉంచే భాగం) పోయిందనుకుని ఆంప్లిఫయర్ విప్పి రెండు సాయంత్రాలు పాడుచేసుకున్నాను. చివరికి ప్లగ్ లాగి చూస్తే పిన్ను చివర గోధుమరంగు మచ్చ, సాకెట్ కన్నం అంచున ప్లాస్టిక్ కొంచెం కరిగి ఉంది. మామూలు కొత్త సాకెట్ వేయించగానే చిటపట ఆగిపోయింది. అందులో బంగారం పిసరంత కూడా లేదు.

మీ సాకెట్ సంగతి ఇలా చూడండి. ఓ గంట పాటలు పెట్టి, ఆంప్లిఫయర్ ఆపి, సాకెట్ స్విచ్ కూడా ఆపి ప్లగ్ పట్టుకోండి. వెచ్చగా ఉందా? దాని బరువుకే కిందికి వాలిపోతోందా? వెన్నలోంచి తీసినట్టు వచ్చేస్తోందా? వీటిలో ఒక్కటి అవునన్నా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించండి. ఇది పాట కోసం కాదు, ఇల్లు కాలకుండా ఉండటానికి.

ఇక సాకెట్ బాగుందనే అనుకుని లెక్క వేద్దాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరుకు 7 మిల్లీఓమ్‌ల పైచిలుకు నిరోధం ఉంటుంది. మెయిన్ బోర్డు నుంచి మీ గదికి 20 మీటర్లయితే రానూపోనూ 40 మీటర్లు, అంటే దాదాపు 0.3 ఓమ్. సాకెట్ కాంటాక్టుకి 5 మిల్లీఓమ్‌లు వేసుకుందాం. ఆంప్లిఫయర్ 2 ఆంపియర్లు లాగితే వైరులో 0.6 వోల్టులు పోతాయి, సాకెట్‌లో 0.01 వోల్టు. 230 వోల్టుల్లో పోయేది ఒక వోల్టులో నూరో వంతు! ఇంట్లో ఫ్రిజ్ మోటారు ఆన్ అయితే వోల్టేజి ఇంతకన్నా ఎక్కువే కదులుతుంది. ఇంకో ముచ్చట. రోడియం నిరోధం రాగికి రెట్టింపు పైనే. దాన్ని పూతకి వాడేది గట్టిగా ఉంటుంది, మసకబారదు అని.

పైగా గోడలోంచి వచ్చే కరెంటు నేరుగా స్పీకర్‌కి పోదు. ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటి కెపాసిటర్లను నింపుతుంది. 50 హెర్ట్జ్ కరెంటయితే సెకనుకి 100 సార్లు నింపుతుంది. పాటకి కావలసిన శక్తి ఆ కెపాసిటర్లలోంచి వస్తుంది. మేడ మీద ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, దాన్ని నింపే గొట్టానికి చివరి బిగింపు ఇత్తడిదా బంగారందా అన్నది కింద కుళాయికి తెలియదు.

మరి మార్చినవాళ్లకి తేడా ఎందుకు వినిపించింది? డబ్బు పెట్టాక చెవి నిక్కబొడుచుకుని వింటుంది, అది మానవ సహజం. మార్చే హడావుడిలో స్పీకర్ ఓ అంగుళం జరిగినా చాలు, వాల్యూమ్ నాబ్ కాస్త పెరిగినా చాలు. కొంచెం గట్టిగా వినిపించేది మనకి కొంచెం బాగున్నట్టే ఉంటుంది.

ఈ వారం అభ్యాసం ఇదీ. ఒకే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని ట్రిప్ స్విచ్) మీద పక్కపక్కన రెండు సాకెట్లు కావాలి, ఒకటి మామూలుది, ఒకటి ఖరీదైనది. మీరు బోర్డుకి వీపు పెట్టి కూర్చోండి. స్నేహితుడు బొమ్మా బొరుసా వేసి, పడినదాన్ని బట్టి ప్లగ్ పెట్టాలి. ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఆపాలి. సాకెట్ మారకపోయినా ప్లగ్ తీసి పెట్టాలి, లేకపోతే ఆ చప్పుడే మీకు జవాబు చెప్పేస్తుంది. అతను నోరు మెదపకూడదు, నవ్వకూడదు కూడా (ఇదే అన్నిటికన్నా కష్టం). ఒకే పాటలో ఒకే 30 సెకన్లు వినండి, వాల్యూమ్ ముట్టుకోకండి. ఏ సాకెట్టో కాగితం మీద రాయండి. ఇలా 10 సార్లు.

10కి 5, 6 వస్తే అది ఊరికే ఊహించినా వచ్చేదే. 8, ఆపైన గుడ్డిగా రావడానికి నూటికి ఐదున్నర పాళ్లు అవకాశం ఉంది కాబట్టి మర్నాడు మళ్లీ చేయండి. 9, ఆపైన వచ్చే అవకాశం నూటికి ఒకటే. అది వస్తే నా మాట పక్కన పెట్టి, ముందు ఆ రెండు సాకెట్లలో ఒకటి వదులుగా ఉందేమో చూడండి.

నాకు ఆ పరీక్షలో 5 వచ్చింది. ఏడోసారికి ‘ఇది తప్పకుండా ఖరీదైనదే’ అని పందెం కాశాను, అది మామూలుది.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. ఆంప్లిఫయర్ ఆపి మళ్లీ వేసేలోపు నిమిషం గడిచిపోతుంది, చిన్న చిన్న తేడాలు అంతసేపు చెవికి గుర్తుండవు. అందుకే 7వ పాఠంలో రెండు సాకెట్ల మీదా ఒకే పాటని రికార్డ్ చేసి, ఒకదాని శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలిపి, ఏం మిగిలిందో చూస్తాం; రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మీ మార్కుల కాగితం పారేయకండి, అప్పుడు పక్కన పెట్టుకోవాలి.